తాగకుండా కింద పెట్టిన కాఫీ

ప్రపంచకప్ వస్తోందని ఖతార్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తవ్విపోసిన రోజులవి. దోహాకి పడమర, అల్ రయ్యాన్ కూడా దాటాక, ఒక బలదియా ఆఫీసులో నేను సర్వేయర్ని. బలదియా అంటే మన మున్సిపాలిటీ లాంటిదే. కాకపోతే మన దగ్గర జనం మున్సిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. అక్కడ మాత్రం కొన్ని పనులకి ఆఫీసే జనం దగ్గరికి వెళ్ళి, చెప్పులు విప్పి, తివాచీ మీద కూర్చుని మాట్లాడాలి. ఆ జనం ఒక తెగ అయితే మరీను.

మా రోడ్డు పక్కన ఉన్నది అలాంటి పేటే. అన్నీ ఒకే తెగ వాళ్ళ ఇళ్ళు. తాతల కాలంలో గుడారాలూ ఒంటెలూ ఉండేవట. గుడారాలు పోయి గోడలొచ్చాయి, గోడల ముందుకి పెద్ద పెద్ద కార్లొచ్చాయి, ఒంటెలు మాత్రం అలాగే ఉన్నాయి. స్టేడియానికి వెళ్ళే కొత్త రోడ్డుని ఎత్తు లేపి వేశారు. దాంతో చలికాలంలో పడే ఆ రెండు మూడు వానలకే నీళ్ళు ఎటూ పోలేక అటు వాళ్ళ వాకిళ్ళలోకి, ఇటు కూలీల క్యాంపులోకి వచ్చేవి. ఇబ్బంది అందరిదీ కాబట్టి నీళ్ళు పోవడానికి పైపులైను వేద్దామంది బలదియా. ఆ లైను వాళ్ళ నేలలోంచి పోవాలి. దానికి వాళ్ళ పెద్దాయన ఒప్పుకోవాలి. నాలుగు నెలలుగా మా డ్రాయింగులు ఆయన దగ్గరికి వెళ్ళి వస్తున్నాయి, ఆయన ఔననడు, కాదనడు.

నాకు చిర్రెత్తుకొచ్చేది. నా కోపం గురించి మా ఆవిడ ఒక మాట అంటుంది, "అందరికీ ముక్కు మీద ఉంటుంది కోపం, మీకు ముక్కే కోపంతో చేశారు" అని. ఎండలో నిలబడి కొలతలు తీసేది నేను, నీడలో కూర్చుని నాన్చేది ఆయన అని లోపల్లోపల తిట్టుకునేవాణ్ణి. ఆయన్ని అప్పటికి ఒక్కసారి కూడా చూడలేదు.

చూసింది ఒంటె పడ్డ రోజు. ఆయన ఔననకపోయినా, బలదియా నేల ఉన్నంత మేర పైపులైను గుంత తవ్వడం అప్పటికే మొదలైంది. పొద్దున్నే సైటుకి వెళ్ళేసరికి గుంతలో ఒక ఆడ ఒంటె పడి ఉంది. పాలిచ్చే ఒంటె. ముందుకాలు విరిగిపోయింది. అది అరవడం లేదు, మెడ ఎత్తి మనుషుల్ని చూస్తోంది, అంతే. పెద్దాయన అప్పటికే అక్కడ ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, తెల్ల గడ్డంతో, చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డారు. దాన్ని ఇంక బతికించలేరని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ఆయన నా హెల్మెట్ చూసి నేనెవరో పెద్ద అధికారిననుకున్నట్టున్నారు, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "వేన్ మస్ఊల్?" అన్నారు. నేను బిక్కమొహం వేశాను. "అబీ మస్ఊల్," అన్నారు మళ్ళీ.

నాకు అరబ్బీ రాదు. కానీ ఆ ఒక్క మాటా బాగా వచ్చు. ఇదివరకు మేం ఉన్న అల్ సద్‌లో నేను కారు పెట్టే పార్కింగులో ఒక బోర్డుండేది, పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. సామాన్లు పోతే యాజమాన్యం బాధ్యత వహించదు అని. రోజూ దాని ముందు కారు ఆపి ఆపి, అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని, మస్ఊల్ అంటే బాధ్యుడు అని నేర్చుకున్నాను. ‘వేన్’ అంటే ఎక్కడ, ‘అబీ’ అంటే కావాలి, ఆ రెండూ సైట్లో రోజూ చెవిన పడేవే. ఇంకేం, అర్థమైపోయింది. ఆఫీసుకెళ్ళి రిపోర్టు రాశాను. ఒంటె చనిపోయింది, తెగ పెద్ద చాలా బాధలో ఉన్నారు, దీనికి బాధ్యుడైన వ్యక్తి తనకి కావాలంటున్నారు అని. రాసి సంతకం పెట్టాను. అరబ్బీలో అన్న మాటని నా అంతట నేనే ఇంగ్లీషు చేశానని కాస్త గర్వంగా కూడా అనిపించింది. మా సూడాన్ ఇంజనీరు గారు దాన్ని ఒక చూపు చూసి, పని చేస్తున్న కాంట్రాక్టు కంపెనీకి పంపేశారు.

కంపెనీ వాళ్ళకి బాధ్యుణ్ణి పట్టుకోవడానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటి తలుపు తట్టారెవరో. మేం దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో ఒక వాటాలో ఉండేవాళ్ళం. మా ఆవిడ తలుపు తీసింది. నలభై అయిదు దాటిన మనిషి, ఎండకి మాడిన మొహం, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా. తెలుగులో "సార్ ఉన్నడా అమ్మా" అనేసరికి ఈవిడ ఇంకేమీ అడగలేదు. "లోపలికి రండన్నయ్యా, ఎండలో వచ్చారు," అంది. మేం అప్పుడే భోజనానికి కూర్చోబోతున్నాం. ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా కంచం పెట్టి, వంకాయ కూర, చారు, పెరుగు వడ్డించింది. తెలుగువాడు ఇంటికొస్తే కడుపు నింపకుండా పంపడం ఆవిడ వల్ల కాదు. ఆయన తల వంచుకుని తిన్నాడు.

చెయ్యి కడుక్కున్నాక చెప్పాడు. జగిత్యాల దగ్గర ఊరు. ఆ కాంట్రాక్టు కంపెనీలో బారియర్ డ్యూటీ. అంటే తవ్విన గుంతల చుట్టూ ప్లాస్టిక్ అడ్డాలు పెట్టి, వాటిలో నీళ్ళు నింపే పని.

"నీళ్ళు వోస్తెనే అవి బరువుంటయి సార్. ఆ దినం ట్యాంకర్ రాలే. మూడుసార్లు ఫోన్ జేసిన. ఖాళీ డబ్బలు గాలికి ఆగుతయా? కొట్కపోయినయి. పొద్దుగాల్ల సూస్తె ఒంటె వడ్డది. ఇప్పుడు నన్ను వంపిస్తున్నరు. గురువారం టికెట్. మల్ల రాకుంట వీసా క్యాన్సిల్ గొట్టిండ్రట."

పెద్దమ్మాయి నర్సింగు చదువుతోందట, ఇంకో ఏడాదిన్నర ఉందట. భార్య బీడీలు చుడుతుంది. ఆ ఏడాదిన్నర తను ఇక్కడ ఉండగలిగితే చాలు, పిల్ల చదువు అయిపోతుంది. ఇప్పుడు పంపిస్తే చదువు మధ్యలో ఆగిపోతుంది. ఆయన అడిగింది అదొక్కటే.

"మా ఊర్ల ఖతార్ అంటె ఎవలకు ఎర్కలేదు సార్. అందరు దుబాయే అంటరు. రేపు నేను వోతె, దుబాయ్‌ల ఒంటెను సంపి వచ్చిండని పేరు వెడ్తరు," అని నవ్వాడు. మేమిద్దరం నవ్వలేకపోయాం.

నేనేం చెయ్యాలి? ఏం చెయ్యగలను? నాకు ఎవరైనా సాయం అడిగితే ముందు చిరాకు వస్తుంది. అది చెడ్డ గుణమే, ఒప్పుకుంటాను. "చూడు, నేను వట్టి సర్వేయర్ని. నీది కాంట్రాక్టు కంపెనీ, నాది బలదియా. నాకేం సంబంధం?" అన్నాను.

ఆయన నా మొహంలోకి కొంచెంసేపు చూశాడు. ఏదో అనబోయి, మా ఆవిడ వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "సోమవారం మీరు ఆ పెద్దమనిషి ఇంటికి వోతరట గద సార్. జర ఒక మాట చెప్పుండ్రి. అంతే," అన్నాడు.

"చెప్తార్లెండి అన్నయ్యా," అంది మా ఆవిడ, నన్నడగకుండానే. ఆయన వెళ్ళాక ఆవిడ మీద గయ్యిమన్నాను. ఆవిడ కంచాలు తీస్తూ, "మీరు చెప్పకపోతే నేనే వెళ్ళి చెప్తాను, ఆ తెగ వాళ్ళకి ఆడాళ్ళు ఉండరా ఏంటి," అంది.

సోమవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పెద్దాయన మజ్లిస్‌కి వెళ్ళాం. మజ్లిస్ అంటే మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే పెద్ద హాలు, గోడల వెంట పరుపులు, దిళ్ళు. ఒంటె పోయాకే బలదియా మొదటిసారి మనుషుల్ని పంపింది. మా ఇంజనీరు, ఇంకో ఇద్దరు, డ్రాయింగుల చుట్ట పట్టుకుని నేను. కార్లోనే ఇంజనీరు నాకు మర్యాదలన్నీ చెప్పారు. కాఫీ కుడిచేత్తో తీసుకో, చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపి ఇవ్వు, లేకపోతే పోస్తూనే ఉంటారు అని. అన్నీ చెప్పారు గానీ అసలుది చెప్పలేదు.

పెద్దాయన తమ్ముడి కొడుకు ఎడమచేత్తో కాఫీ కూజా, కుడిచేత్తో నాలుగు చిన్న చిన్న కప్పులు పట్టుకుని వచ్చాడు. పిడికెడు ఉంటాయి, చెవి ఉండదు. హాల్లో పదిహేను మందిమి ఉన్నాం. కప్పులు నాలుగే. పెద్దాయన తాగిన కప్పులోనే పక్కాయనకి, ఆయన తాగిందాంట్లో ఆ పక్కాయనకి. నాకు గుండె జారిపోయింది. మాది ఎంగిలి పట్టింపు ఎక్కువున్న ఇల్లు. నేను ఎవరితోనైనా కూర్చుని తింటాను, ఎక్కడైనా తింటాను, ఏ హోటల్లోనైనా సరే. కానీ ఒకరి పెదాలు తగిలింది నా పెదాలకి తగలకూడదు. నీళ్ళ సీసా కూడా ఎత్తి పోసుకుంటాను. వేడి కాఫీ ఎత్తి పోసుకోలేను కదా.

మా ఇంజనీరు తాగి ఇచ్చిన కప్పే నాకొచ్చింది. కుడిచేత్తో తీసుకున్నాను. నోటి దాకా తీసుకెళ్ళాను. నా వల్ల కాలేదు. ఎవరూ చూడటం లేదనుకుని నెమ్మదిగా నా ముందు తివాచీ మీద పెట్టేశాను.

హాలంతా చప్పున ఆగిపోయింది. కూజా పట్టుకున్న కుర్రాడు నిలబడిపోయాడు. అందరి కళ్ళూ ఆ కప్పు మీద. పెద్దాయన దిండు మీంచి ముందుకి వంగి, నన్నుద్దేశించి ఏదో అడిగారు. కోపంగా లేరు. చాలా శ్రద్ధగా అడిగారు.

"ఏమైంది?" అన్నాను ఇంజనీరుతో.

ఆయన మొహం వెలిగిపోతోంది. "నీకు తెలిసే చేశావా? అతిథి కాఫీ తాగకుండా కింద పెడితే, ఆ ఇంట్లో ఒక కోరిక కోరాడని అర్థం. కోరిక తీరుస్తానని ఇంటి పెద్ద చెప్పేదాకా తాగడు. ఆయన చెప్పేశారు. నీకేం కావాలో అడగమంటున్నారు."

"నాకేమీ వద్దండీ."

"అలా అంటే ఆయన్ని అవమానించినట్టు. అడుగు. పైపులైను అడుగు." అని మోచేత్తో నా డొక్కలో పొడిచారు. "నాలుగు నెలల పని. ఒక్క మాటతో అయిపోతుంది. అడుగు."

ఇక్కడ నేనేదో ధర్మాత్ముడిలా చేశానని రాసుకోవాలని ఉంటుంది ఎవరికైనా. నిజం చెప్తాను. నన్నెవరైనా మోచేత్తో పొడిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రెండోసారి పొడిచారు. మూడోసారి కూడా. అప్పుడు నా నోట్లోంచి పైపులైను రాలేదు. "ఒంటె పడిన చోట పనిచేసిన మనిషిని పంపించెయ్యొద్దని చెప్పండి. ఆయన తప్పు లేదు. నీళ్ళ ట్యాంకరు రాలేదు. ఆయన్ని క్షమించమనండి," అన్నాను.

ఇంజనీరు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. అయినా పెద్ద మనిషి, మాట మింగలేదు. ఉన్నదున్నట్టు అరబ్బీలో చెప్పారు.

పెద్దాయన కనుబొమలు ముడిపడ్డాయి. చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు. మధ్యలో మూడు నాలుగుసార్లు ‘మస్ఊల్’ అన్న మాట వినిపించింది. చివరికి ఇంజనీరు నా వైపు తిరిగారు. ఈసారి ఆయన గొంతు చిన్నదైంది.

"ఏ మనిషి అని అడుగుతున్నారు. ఎవరు పంపిస్తున్నారు, ఎందుకు పంపిస్తున్నారు అంటున్నారు. ఆయన ఎవర్నీ పంపమనలేదట. మస్ఊల్ కావాలన్నారట."

"అదే కదండీ, బాధ్యుడు."

"కాదు. మస్ఊల్ అంటే ఇక్కడ ఆ పని ఎవరి చేతిలో ఉందో ఆ అధికారి. తప్పు చేసినవాడు కాదు. నాలుగు నెలలుగా కాగితాలొస్తున్నాయి గానీ మాట్లాడే మనిషి రావడం లేదు, పని చూసే పెద్దవాణ్ణి పంపండి, నా ఒంటెలు ఎటు నడుస్తాయో, వాన నీళ్ళు ఎటు పోతాయో ఇక్కడ కూర్చుని వినాలి అని ఆయన ఉద్దేశమట. గుంత తవ్విన కూలీని తీసుకొచ్చి నేనేం చేసుకుంటాను, అతను కూడా నాలాగే నష్టపోయినవాడు కదా అంటున్నారు."

నా చెవులు కాలిపోయాయి. ఇంకెవరో కాదు, ఆ మనిషి టికెట్టు రాసింది నేను. పార్కింగు బోర్డు చూసి నేర్చుకున్న అరబ్బీతో రాశాను. రాసి మురిసిపోయాను. పైగా మా ఇంట్లో నా ఎదురుగా కూర్చున్నప్పుడు ‘నాకేం సంబంధం’ అన్నాను. భూమిలోకి కుంగిపోతే బావుండుననిపించింది.

పెద్దాయన నా కప్పు వైపు చెయ్యి చూపించారు. అడిగింది అయిపోయింది, ఇక తాగమని. తాగాను. ఎంగిలి సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. ఇంజనీరు అక్కడి నుంచే కంపెనీకి ఫోను చేశారు. తెగ పెద్ద ఎవర్నీ పంపమని కోరలేదనీ, రిపోర్టులో మాట తప్పు పడిందనీ, ట్యాంకర్ ఎందుకు రాలేదో ముందు జవాబు చెప్పమనీ గట్టిగానే అన్నారు. గురువారం టికెట్టు రద్దయింది.

పైపులైను సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పెద్దాయనకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. మర్నాడు ఆయన నన్ను వెంటబెట్టుకుని తన నేలంతా నడిచారు. ఇక్కడ ఒక ముళ్ళచెట్టు, అక్కడ నాలుగు రాళ్ళు. వాన పడితే నీళ్ళు ముందు ఇక్కడ ఆగి, తర్వాత అటు తిరుగుతాయని కర్రతో గీసి చూపించారు. నేను మిషను పెట్టి కొలిస్తే ఆయన గీసిందే నిజం, నా డ్రాయింగులో గీత తప్పు. లైను వంచాం. ఒంటెలు దాటే చోట పైన గట్టి పలకలు వేయించాం. గుంత చుట్టూ వేసే కంచెకి స్తంభాలు బలదియా ఇచ్చింది, పాతడానికి మనుషుల్ని వాళ్ళిచ్చారు. పని జరిగినన్నాళ్ళూ కంపెనీ ట్యాంకర్ రాని రోజున వాళ్ళ ఒంటెలకి నీళ్ళు తెచ్చే ట్యాంకరే వచ్చి బారియర్లు నింపి వెళ్ళేది. రెండో సమావేశానికి జగిత్యాల ఆయన్ని కూడా తీసుకురమ్మన్నారు పెద్దాయన. పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ ఇప్పించారు. ఆయన ఎవరు తాగిన కప్పో చూసుకోలేదు, మూడుసార్లు పోయించుకుని హాయిగా తాగాడు.

టికెట్టు రద్దయిన వారం ఆయన మళ్ళీ మా ఇంటికొచ్చాడు, స్వీటు డబ్బాతో. "మీ దయ సార్. మీరు చెప్పవట్టికె ఉన్న," అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "దాందేముందిలే," అన్నాను. డబ్బా తీసుకున్నాను కూడా. ఆ రిపోర్టు రాసింది నేనే అని చెప్పడానికి నోరు పెగల్లేదు. క్యాంపులో తెలుగువాళ్ళందరికీ నేను పెద్ద మనిషినయిపోయాను. ఎక్కడ కనిపించినా నమస్తే సార్ అనేవాళ్ళు. ప్రతి నమస్తేకీ తల తిప్పుకుని గబగబా నడిచేవాణ్ణి. మా ఆవిడకి మాత్రం చెప్పాను. ఆవిడ "ఆయనకి చెప్పండి," అంది. చెప్తానన్నాను. చెప్పలేదు.

ఏడాదిన్నర గడిచింది. పైపులైను పూర్తయింది, ఆ చలికాలం వాన పడితే నీళ్ళు ఎటు పోవాలో అటే పోయాయి. ఆయన పెద్దమ్మాయికి కరీంనగర్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. ఇక చాలు, ఇంటికి పోతానన్నాడు. ఎయిర్‌పోర్టుకి నేను దింపుతానన్నాను. దారిలోనైనా చెప్పకపోతే జన్మలో చెప్పలేనని తెలుసు.

"అన్నా, నీకొక మాట చెప్పాలి," అన్నాను స్టీరింగు చూస్తూ. మొత్తం చెప్పాను. పార్కింగు బోర్డు, మస్ఊల్, రిపోర్టు. నా వల్లే నీకు టికెట్టు చేశారు, నేను చేసిన తప్పుని నేనే సరిదిద్దుకుని నీ చేత దండాలు పెట్టించుకున్నాను అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "ఎర్కే సార్," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ కాయితం నాకు సూపెట్టిండ్రు. క్యాంపు బాసు సదివి హిందీల జెప్పిండు. కింద సంతకం మీదని, రాసినోడు గూడ మీ తెలుగోడే అని ఆయనే అన్నడు. మీ ఇంటి జాడ వట్టుకొని వచ్చింది అందుకే."

"నన్ను అడగడానికా?"

"అడుగుడు గాదు సార్, తిట్టనీకె. నువ్వు మనిషివేనా, నా బిడ్డ సదువు మీద మన్ను వోస్తివి అని ఏమేం అనాల్నో బస్సుల వచ్చుకుంట అన్ని అనుకున్న. చెల్లె తలుపు తీసింది. లోపలికి రాన్నా అన్నది. అన్నం వెట్టింది. మీ ఇంట్ల అన్నం తిన్నంక ఇగ మిమ్ముల ఏమంట సార్?"

ముందు సిగ్నల్ పచ్చబడింది. నేను బండి కదపలేకపోయాను. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పోనియ్యుండ్రి సార్, యాల్లయితంది," అన్నాడు.